ఏటి యొడ్డున విడిది

ఉత్సవమునకు పోయి వచ్చుట వేరు. ఉత్సవములో ఉండి వచ్చుట వేరు. ఈ రెండింటికిని గల భేదము మాఘమాసమున ఆలంపూరులో స్పష్టముగా కనబడును. జోగులాంబ అమ్మవారి బ్రహ్మోత్సవములు మాఘ శుద్ధమున జరిగి వసంతపంచమితో ముగియును. ఆ దినములలో జాతీయ రహదారి నుండి చౌరస్తా కడ మలుపు తిరిగి కార్లు వరుసగా ఊరిలోనికి వచ్చును. దిగినవారు తుంగభద్రలో కాళ్ళు తడుపుకొని, దర్శనము చేసికొని, గుడి ముందు నిలిచి ఫోటో తీసికొని, చీకటి పడకముందే కర్నూలునకో హైదరాబాదునకో మరలిపోవుదురు. వారిలో ఎవరి నడిగినను ఆలంపూరు చూచితిమనియే చెప్పుదురు. చూచిన మాట నిజమే. కాని ప్రొద్దు క్రుంకిన పిమ్మట నది చప్పుడు ఎట్లు పెద్దదగునో, నాలుగు గుంపులవారు నాలుగు పొయ్యిల చుట్టు చేరి ఏమి పాడుకొందురో, తెల్లవారుజాము చలిలో ఒకే కంబళిని ఇద్దరు మిత్రులు ఎట్లు లాగుకొందురో వారెరుగరు.

మోటారు బండ్లు విరివిగా రాని కాలమున పాలమూరు సీమ ప్రజలకు జాతర యనగా రెండు మూడు దినముల కాపురము. ఎడ్లబండికి గూడు కట్టి, జొన్నపిండి మూట, ఎల్లిపాయ కారము, మట్టికుండ, ఈతచాప అందులో వేసికొని, ఇరుగుపొరుగువారు కలిసి బయలుదేరెడివారు. చేరినచోట చెట్టు నీడ చూచి బండ్లు విప్పెడివారు. మూడు రాళ్ళు దొరికిన పొయ్యి. నాలుగు కర్రలు దొరికిన పందిరి. దీపావళి తరువాత నెల దినములు సాగెడి కురుమూర్తి జాతరలో అట్లు బస చేసి వంట చేసికొనువారు నేటికిని కానవచ్చుచున్నారు. విడిది, బస, మజిలీ, డేరా అని ఒక్క పనికే ఇన్ని మాటలున్న భాషలో, ఆ పని ఎరుగని పిల్లలు పెరుగుచుండుట వింతయే.

ఈ అలవాటు మరల రావలెను. అదియు పెద్దల కొంగు పట్టుకొని పోవుటగా మాత్రమే గాక, ఈడుగల మిత్రులు నలుగురైదుగురు కలిసి, తమ మూటలు తాము మోసికొని, తమ అన్నము తాము వండుకొని, పాట కొరకు ఒక రాత్రి ఏటి యొడ్డున నిలుచుటగా రావలెను. చదువు చెడునని కొందరు తల్లిదండ్రులు భయపడుదురు. ఒక్క రాత్రికి చెడు చదువు ఏపాటిదో వారే ఆలోచింపవలెను. అయితే వారి తక్కిన భయములు అంత తేలికగా తీసివేయదగినవి కావు. నది యున్నది, జనసమ్మర్ద మున్నది, చలి యున్నది. వాటి సంగతి వాటి చోట వచ్చును.

రాత్రి నిలిచినవారికి దక్కు మొదటి లాభము పాట. పగటి జాతరలో చెవికి సోకునది బజారు రొద మాత్రమే. దుకాణములు కట్టిన తరువాత భజన మేళములు కూర్చుండును. చిరుతలు, తాళములు, హార్మోనియము చాలును. ఒకరు చరణ మెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. ఆ అందుకొనుటలో వినవచ్చినవాడు సయితము పాడువాడై పోవును; టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చుండువానికి ఈ భాగ్యము లేదు. దర్గాలలో ఉర్సు రాత్రి జరుగు కవ్వాలియు ఇట్టిదే. ముఖ్యగాయకుడు ఒక మాట విసరును. వెనుకనున్నవారు చప్పట్లతో దానిని పట్టుకొందురు. ఆలంపూరులో గుడుల చెంతనే షా అలీ పహిల్వాను దర్గాయు కలదు. ఇక్కడి పిల్లలకు ఈ రెండు విధముల పాటయు పరాయిది కాదు.

పాలమూరు సీమకు ప్రత్యేకమైన పన్నెండు మెట్ల కిన్నెరను గూర్చి ఇచట చెప్పక తప్పదు. వెదురుబొంగు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనము, తీగెలు, ఇంతే దాని సామగ్రి. కళాకారుడు దానిని మీటుచు పండుగ సాయన్న వంటి వీరుల కథలు పాడును. దర్శనం మొగులయ్య అను కిన్నెర కళాకారునికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినపుడు గాని అనేకులకు ఆ వాద్యము పేరైనను తెలియదు. కిన్నెర నాదము సన్ననిది. పదిమంది చుట్టును కూర్చుండి నోరు మూసికొనిననే అది వినబడును. దానికి రాత్రి కావలెను, నిశ్శబ్దము కావలెను.

ఆ నిశ్శబ్దమునకే నేడు కరవు వచ్చినది. లారీమీద పేర్చిన డీజే పెట్టెలు మోగనారంభించిన చోట కిన్నెరకు గాని, చిరుతల భజనకు గాని తావు లేదు. యువకులకు ఎగురుటకు చప్పుడు కావలెనని కొందరందురు. ఎగురవచ్చును, ఎవరు వలదన్నారు? కాని ఒక పెట్టె నలుబది మేళముల నోరు నొక్కుచున్నపుడు దానిని ఉత్సవమనుట మాటకు అన్యాయము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు బహిరంగ స్థలములలో మైకులు మోగించరాదు. పండుగల పేర సంవత్సరములో కొన్ని దినములు మాత్రము అర్ధరాత్రి వరకు ప్రభుత్వము అనుమతి నీయవచ్చును. పోలీసువారు వచ్చి ఆపించు వరకు ఆగుట విడిది చేయువారికి గౌరవము కాదు. పక్క గుడారములో పసిబిడ్డ నిద్రించుచున్నదన్న ఎరుకయే అంతకన్న పెద్ద చట్టము.

చిన్న ఊరు పెద్ద సభను మోయగలదా యను సందేహమునకు ఆలంపూరు ఏనాడో సమాధానము చెప్పినది. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవములు ఇక్కడ జరిగెను. అప్పటికి ఆలంపూరు హైదరాబాదు రాష్ట్రమున రాయచూరు జిల్లాలో ఉండెడిది; 1956లో గాని మహబూబునగరు జిల్లాలో కలియలేదు. ఆ ఊరి పండితుడు గడియారం రామకృష్ణశర్మ పూనుకొని సభలు జరిపించెను. కవులు, పండితులు తుంగభద్ర యొడ్డునకు తరలివచ్చిరి. కాళోజీ 'నా గొడవ' వెలుగు చూచినది ఆ సభలలోనే. నగరములో జరిగియుండిన అది వంద సభలలో నొక సభ యగును. ఏటి యొడ్డున చిన్న ఊరిలో జరుగుటచే డెబ్బది యేండ్లు దాటినను చెప్పుకొనుచున్నారు. వచ్చినవారు వేదిక మీద పలికి వెంటనే మరలిపోక, కలిసి తిని, కలిసి నడచి, కలిసి మాటాడుకొను తావు ఇట్టి చోటులలోనే దొరకును.

పాట కొరకు నదీతీరమున చేరుటలో తెలుగు పదమునకు మరియొక గొప్ప చోటు కలదు. అది తెలుగుదేశములో లేదు. తమిళనాడున కావేరి యొడ్డున నున్న తిరువయ్యారులో త్యాగరాజు 1847లో సిద్ధి పొందెను. ఏటేట పుష్య బహుళ పంచమినాడు గాయకులు వందలుగా అచట నేలమీద కూర్చుండి పంచరత్న కృతులను ఒక్క గొంతుగా పాడుదురు. వారిలో అనేకుల మాతృభాష తెలుగు కాదు. పాడుమాట ఎక్కువగా తెలుగే. ఆ సమాధి మందిరమును కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. పాడి సంపాదించిన తన సొమ్ము వెచ్చించి 1925లో ఆమె ఆ మందిరమును ప్రతిష్ఠింపజేసెను. విచిత్రమేమనగా, మందిరము కట్టించినది స్త్రీ యైనను, ఆరాధనలో పాడుటకు స్త్రీలకు ఆనాడు అనుమతి లేదు. ఆమె విలపించుచు కూర్చుండలేదు. స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన సాగించెను. తరువాతి కాలమున పక్షములన్నియు ఏకమైనవి. నేడు స్త్రీపురుషులు కలిసియే పాడుచున్నారు. 1952లో మరణించిన నాగరత్నమ్మ సమాధియు త్యాగరాజు సమాధి చెంతనే కలదు.

ఈ కథ ఇక్కడ ఊరక చెప్పబడలేదు. మిత్రులతో కలిసి జాతరలో ఒక రాత్రి నిలుచుట కని అడిగిన కొడుకునకు తండ్రి కొంత గొణిగి సరే యనును. కూతురు అడిగినచో ఆ మాట పూర్తికాకముందే వలదనును. కారణ మడిగిన లోకము మంచిది కాదందురు. లోకము మంచిది కానిచో దానిని సరిచేయుట లోకము పని. దాని శిక్షను కూతురు అనుభవించుట ఏ న్యాయము? ఇద్దరు ముగ్గురు తల్లులు గాని, ఒక ఉపాధ్యాయిని గాని వెంట ఉండి, బాలికల గుంపునకు వేరు డేరా వేయించి, దీపమును, నీటి వసతిని, మరుగుదొడ్లను ముందుగా చూచుకొన్నచో భయములో ముప్పాతిక పోవును. ఉత్సవము జరిపించువారు మరుగుదొడ్లు కట్టింపక గాలిగోపురమునకు రంగుదీపములు పెట్టుట వలన ఎందరు బాలికలు పాటకు దూరమైరో లెక్క కట్టినవారు లేరు.

నేటి బాలబాలికలు ఇతరదేశముల సంగీతోత్సవములను ఫోనులలో చూచుచున్నారు. జపాను దేశమున హితాచినాక అను చోట సముద్రతీరమున విశాలమైన ఉద్యానవన మొకటి కలదు. ఎదుట పసిఫిక్ మహాసముద్రము. అచట 2000 సంవత్సరమున ఆరంభమైన రాక్ సంగీతోత్సవము చాల యేండ్లు వేసవిలో జరిగెను. 2022లో అది చిబా నగరములో జరిగెను. ఇట్టి ఉత్సవములకు జపాను యువతీయువకులు మిత్రబృందములుగా, వీపున సంచులతో, చాపలతో, వానకోటులతో వచ్చి దినమంతయు నేలపై గడపుదురు. ఆ దృశ్యములను చూచి ఇక్కడి పిల్లలు నిట్టూర్తురు. నిట్టూర్చనక్కర లేదు. వారి తాతల బండి విడిదికిని దీనికిని భేదము గుడ్డలో తప్ప గుణములో లేదు.

అయితే జపాను వారి నేర్పు పుట్టుకతో వచ్చినది కాదన్న సంగతి తెలిసికొనుట ముఖ్యము. 1997లో ఫ్యూజీ పర్వతము దిగువన ఫ్యూజీ రాక్ అను ఉత్సవము మొదటిసారి జరిగెను. మొదటి దినముననే తుపాను గాలివాన కమ్ముకొన్నది. కొండ చలికి తగిన బట్టలు లేక, నిలువ నీడ లేక జనులు వణకిరి. రెండవ దినపు కార్యక్రమము రద్దయినది. మరుసటి యేడు టోకియోలో జరిపి, 1999లో నీగాట ప్రాంతపు నయేబా కొండలకు మార్చిరి. ఫ్యూజీ పర్వతము అక్కడికి చాల దూరము. పేరు మాత్రము అదే మిగిలినది. వచ్చువారు ఆ తొలి యేటి పాఠమును మరువలేదు. వానకోటు, మంచి బూట్లు, వెచ్చని బట్ట లేక ఎవరును బయలుదేరరు. స్వచ్ఛంద సేవకులు చెత్తసంచులు పంచుదురు; సీసా వేరు, కాగితము వేరు, ఆహారశేషము వేరుగా వేయింతురు. శుభ్రతలో ఆ ఉత్సవమునకు ప్రపంచమంతట పేరు వచ్చినది. ఒక్క చెడ్డ అనుభవమును వ్యర్థము చేసికొనకపోవుటయే వారి గొప్ప.

తుంగభద్ర యొడ్డు వారికి అట్టి పాఠము 2009లో వచ్చినది. ఆ అక్టోబరు ఆరంభమున ఎగువ ప్రాంతముల కుండపోత వానలకు నది పొంగి, సుంకేసుల ఆనకట్టను ముంచి, కర్నూలు నగరములో ఇండ్ల మీదుగా పారెను. దిగువనున్న ఆలంపూరును ముంచెత్తెను. నది యొడ్డున విడిది చేయువారు ఆ యేటిని తలపోయవలెను. నీరు ఎండిన ఇసుకతిన్నె మెత్తగా, చల్లగా, పడకకు అనువుగా కనబడును. అదియే మోసము. ఆలంపూరులో ఆకాశము నిర్మలముగా ఉన్నను, ఎగువ వానకు గాని, ఆనకట్ట గేట్లు ఎత్తుటకు గాని నీరు రాత్రికి రాత్రి రావచ్చును. అందుచే డేరా ఎప్పుడును గట్టుమీదనే వేయవలెను; పాత వరద గుర్తు ఎంతవరకు ఉన్నదో ఊరివారిని అడిగి దానికి పైన వేయవలెను. పాచి పట్టిన రాళ్ళ మీదికి, చీకటిలో నీటిలోనికి, ఈత వచ్చినవాడును పోరాదు. ఊరి చేపలవాడు వలదన్న చోట దిగువాని ధైర్యము ధైర్యము కాదు.

ఆలంపూరులో విడిది చేయువారికి మరియొక బాధ్యత అధికముగా ఉన్నది. అచటి నవబ్రహ్మాలయములను బాదామి చాళుక్యులు కట్టించి పదమూడు వందల యేండ్లు గడచినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని పేర్లన్నియు బ్రహ్మవే. గుడులు మాత్రము తొమ్మిదియు శివునివి. వాటి గోడలమీద ఆకాశమున తేలిపోవుచున్న గంధర్వ దంపతులను చెక్కిన శిల్పులు, తాము చెక్కుచున్నది రాయియన్న మాట మరచిరేమో యనిపించును. శ్రీశైలము జలాశయము క్రింద మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి తెచ్చి ఈ ఊరిలోనే మరల నిలిపిరి. ఒక్కొక్క రాతిని అంత శ్రమపడి కాపాడిన చోట, గోడ కానించి పొయ్యి పెట్టి మసి చేయుటయు, మేకుతో పేరు గీయుటయు ఎంత నీచమో చెప్పనక్కర లేదు. అయినను గీయుచునే యున్నారు. పేరు గీసినవాని పేరు ఎవరును చదువరు. గీత మాత్రము ఉండిపోవును.

పుష్కరములలో నదిని చూచినవారికి చెత్త మాట వేరుగా చెప్పవలసిన పని లేదు. విడిచిన బట్టలు, ప్లాస్టికు విస్తళ్ళు, షాంపూ పొట్లములు. స్నానము పుణ్యమైనచో ఆ పుణ్యమును దిగువ ఊరివారి త్రాగునీటిలో కలుపుట ఎట్లో తెలియదు. విడిది గుంపు తెచ్చుకొన్న దానిని తిరిగి తీసికొని పోవలెను. సంచి బరువు వచ్చునపుడు ఎక్కువ, పోవునపుడు తక్కువ. కావున ఇది కష్టమును కాదు.

ఇక స్నేహము మాట. అరుగుమీద కూర్చుండి ముచ్చటించినంత కాలము అందరును మంచి మిత్రులే. విడిదిలో రెండవ పూటకు నిజము బయటపడును. ఒకడు కట్టెలు తెచ్చును. ఒకడు తెచ్చెదనని పోయి రంగులరాట్నము కడ నిలిచిపోవును. ఒకతె అందరికంటె ముందు లేచి నీరు తెచ్చును. ఒకతె ఉప్పు తక్కువైనదని విమర్శించి గిన్నె కడుగుట మరచును. ఇంటిలో తల్లి చాటుగా చేసి పెట్టు పనులన్నియు అక్కడ పేరు పెట్టి అడుగుటకు వచ్చి నిలుచును. పోట్లాటలు వచ్చును; రావలెను కూడ. గిన్నె ఎవరు కడుగవలెనన్న తగవును తామే తీర్చుకొన్న పిల్లలకు, ఊరిలో పెద్ద తగవులు వచ్చినపుడు ఎదుటివాని మాట వినుట కొంత తెలిసియుండును. ఇందు కులము, మతము, ఇంటి సంపద అడుగునకు పోవలసి యుండును. ఒకే కుండలో అన్నము, ఒకే చాపమీద నిద్ర. అట్లు తిననొల్లనివారు విడిదికి రాకుండుటయే మేలు.

తుంగభద్రకు పుష్కరములు పండ్రెండేండ్ల కొకమారు వచ్చును. 2008లో వచ్చినవి. 2020లో వచ్చినపుడు కరోనా వ్యాధి భయమున జనులు దూర దూరముగా నిలిచి, స్నానమునకే జంకి, త్వరత్వరగా ఇండ్లకు పోయిరి. ఆ యేడు గట్టుమీద కలిసి కూర్చుండి పాడుటకు ఎవరికిని ధైర్యము లేకపోయెను. మరల 2032లో రావలసియున్నవి. ఇప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికలు అప్పటికి తమ డేరాలు తామే వేసికొనగల వయసువారై యుందురు. గట్టుమీద ఏ చోట వరద ఎక్కదో, కిన్నెర వాయించువారు ఏ ఊరిలో ఉన్నారో, ఎవరు గిన్నె కడుగక తప్పించుకొందురో ఇప్పటినుండి తెలిసికొనుటకు వారికి చాలినన్ని మాఘమాసములు కలవు.